కూకోలేని మనిషి

"కూకోరా" అంటే కూకోలేని మనిషిని ఏమనాలి? పొగరనాలా, పిచ్చి ముదిరిందనాలా, మందు పడలేదనాలా? మా పెదనాన్న కొడుకుని మొదటి రెండూ అన్నారు. మూడోది తేలటానికి నాలుగు నెలలు పట్టింది.

మా తాతలది నిలబడే బతుకు. కామందు అరుగు మీద కూకుంటే దెబ్బలే. ఆ పేటలో పుట్టిన మా అన్నకి ఆస్పత్రిలో కుర్చీ చూపించారు. కూకున్నాడు, లేచాడు, మళ్ళీ కూకున్నాడు, లేచాడు. "వీడు చెప్పిన మాట వినేరకం కాదు" అని హాలోపెరిడాల్ బిళ్ళలు పెంచారు.

ఆ మందుని నేను తిట్టను. చెవిలో వినపడే గొంతులు దాంతోనే తగ్గాయి. కాళ్ళే ఊరుకోలేదు. రాత్రిళ్ళు పేట నుంచి హనుమాన్ జంక్షన్‌లో ఆంజనేయస్వామి గుడిదాకా నడవటం, లారీల వెలుగులో మళ్ళీ వెనక్కి రావటం. "ఒరే తమ్ముడూ, తలకాయ బాగానే ఉందిరా. కాళ్ళల్లో పొయ్యి రాజేసినట్టుంది. ఈ బిళ్ళలు కాలవలో పారేస్తా" అన్నాడు.

మానేస్తే గొంతులు తిరిగొస్తాయి. మింగితే కాళ్ళు కాలతాయి. మింగమని చెప్పే హక్కు నాకెక్కడిది? మానమని చెప్పే ధైర్యం మాత్రం ఎక్కడిది?

ఈ బాధ పేరు అకథీసియా. గ్రీకులో కూర్చోలేకపోవటమని. 1901లోనే హాష్కోవెట్స్ అనే చెక్ డాక్టరు పెట్టాడు. హాలోపెరిడాల్ తయారైంది 1958లో. దీన్ని జబ్బు ముదరటం అనుకుని మందు పెంచితే బాధ ఇంకా పెరుగుతుందని డాక్టర్ల పుస్తకాల్లోనే ఉంది. పుస్తకం చదివినవాళ్ళు మనిషినీ అడగాలిగా! తల చెడినవాడి మాటేంటని అడగలేదు. పేటవాడి మాటేంటని కూడానేమో. తల చెడినా కాళ్ళు ఆయనవే గదా.

ఇంకో డాక్టరు అడిగాడు: "మీకు లోపల ఎట్టా ఉంది?" ఆ 'మీకు' విని అన్న నా వంక చూశాడు. ఉబ్బసం లేదని తేల్చుకుని (ఉంటే ఆ మందు ఇవ్వకూడదంట) ప్రొప్రనొలాల్ రాశాడు, హాలోపెరిడాల్ తగ్గించాడు. పది రోజులకి అన్న కంచం ముందు కూకుని, లేవకుండా అన్నం తిన్నాడు. పెద్దమ్మ పక్కనే కూకుని చూసింది.

మందు వల్ల వచ్చే ఇబ్బందులు రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఉంది. 2018 మే నుంచి అమల్లో ఉంది. మాకెవరూ చెప్పలేదు. ఆ పేరు నేనే తెలుగులో కాగితం మీద రాసిచ్చాను. అన్న ఇప్పుడు ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ముందు ఆ కాగితం బల్ల మీద పెట్టి, ఆ తర్వాత కూకుంటాడు.