ఏనుగుకు గెట్టు తెలుసునా

కృష్ణగిరి

చిరంజీవి అల్లునికి, మీ మామ దీవించి రాసేది.

మీ అత్త మోకాలి నొప్పి మామూలే. మామిడికి పూత బాగానే పట్టింది, కాయ ఎంత నిలుస్తుందో చూడాల. మీ అమ్మ మొన్న ఫోను చేసింది. ఊరి సంగతులన్నీ అయినాక నీ మాట ఎత్తి సగంలోనే ఆపేసింది. "వానికి నువ్వే ఒక జాబు రాయి అన్నా" అనింది. ఏమని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నిన్నూ అడగను. ఫోనులో అయితే "సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చొని రాస్తా ఉండాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వొక మాట అన్నావు. మీ ఫ్యాక్టరీ లైనులో ఏదో సరిగా లేదని చెప్తా చెప్తానే, "మనకెందుకు మామా, నేను కాంట్రాక్టోణ్ణి" అని తేల్చేసినావు. అందరూ నవ్వినారు, నేనూ నవ్వినాను. పండగ పోయింది గానీ ఆ మాట నన్ను వదల్లేదు.

మీ తాతకు జవళగిరి అడవి పక్కన రాగిచేను ఉండింది కదా. నువ్వు పుట్టేసరికే అమ్మేసినారు, అయినా దాని కతలు నీకు తెలుసు. వెన్ను ముదిరే కాలానికి ఏనుగులు దిగేవి. రాత్రంతా మంచె మీద కాపు. చుట్టూ ఎన్ని మంచెలుంటే అన్నిటికీ ఒకటే కట్టుబాటు: ఏనుగును ముందు చూసినోడు కేక పెట్టాల. చేను ఎవరిదని చూడకూడదు. ఒక రాత్రి ఏనుగు మా పక్క చేలో దిగింది. ఆ చేను ఆసామికీ మా నాయనకూ గెట్టు తగాదా, ఎన్నేండ్లుగానో మాటల్లేవు. నాయన గొంతు చిరిగేటట్లు కేక పెట్టి, తప్పెట తీసుకొని దిగి పరిగెత్తినాడు. తెల్లారినాక ఆ మనిషి వచ్చి ఒక మాటైనా చెప్పలేదు. నాకు కడుపు మండి, "మనతో మాటే లేనోడి చేను మనకెందుకు నాయనా" అని అడిగినాను. "ఏనుగుకు గెట్టు తెలుసునా?" అన్నాడు, అంతే. ఎద్దులను విప్పుకొని పోయినాడు.

ఆ మాట తలలో పెట్టుకొనే నేను హొసూరుకు వచ్చినాను. సిప్‌కాట్ పారిశ్రామికవాడ పెట్టి, పెద్ద కంపెనీలు ఒక్కొక్కటే వస్తా ఉండిన కాలం అది. రాగిచేలు, గులాబీ తోటల నడుమ షెడ్లు లేచినాయి. ఐటీఐ చదివిన పిల్లోడు దొరికితే చేయి పట్టుకొని పిలుచుకొని పొయ్యేవారు. నాకు దొరికింది పెద్ద కంపెనీ కాదు, పెద్ద కంపెనీలకు రేకు ముక్కలు కొట్టి ఇచ్చే చిన్న ప్రెస్ షాపు. పేరు వద్దులే, ఇప్పుడు అది లేదు.

ప్రెస్సుకు రెండు బటన్లు ఉంటాయి, నీకు తెలుసు. రెండు చేతులతో ఒక్కసారి నొక్కితేనే పైదిమ్మె దిగుతుంది. చేతులు రెండూ బటన్ల మీద ఉంటే వేళ్ళు డై కింద ఉండవు. అందుకే అట్లా చేసినారు. మా షాపులో ఒక బటన్లో అగ్గిపుల్ల దోపి ఒంటిచేత్తో నడిపేవారు. గంటకు ముక్కలు ఎక్కువ పడతాయని. ఒక రాత్రి నేను ఫోర్‌మన్‌తో చెప్పినాను. "ఆర్డరు ఉండాది, నడవనీ" అన్నాడు. అగ్గిపుల్ల పీకేస్తే మళ్ళీ పెట్టినారు. చివరకు మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను. ఆ షిఫ్టు సరుకు పోలేదు.

మరుసటి రోజు ఆఫీసులో నిలబెట్టినారు. "మిషను ఆపమని నీకు ఎవరు చెప్పినారు?" ఫోర్‌మన్ నా పక్కనే నిలబడి, "నాతో ఏమీ చెప్పలేదు సార్" అన్నాడు. సాక్షి లేడు, కాగితం లేదు. ఆ పొద్దే లెక్క చూసి పంపించేసినారు. మీ అమ్మ పెండ్లి కుదిరిన ఏడాది అది. పెండ్లి వాయిదా పడింది, మీ అవ్వ కాసులపేరు తాకట్టుకు పోయి మళ్ళీ ఇంటికి రాలేదు. మీ నాయన వాళ్ళు మంచోళ్ళు గనక ఆగినారు. లేకుంటే ఈ జాబు అందుకునేదానికి నువ్వే ఉండవు.

నేను బయటికి వచ్చిన కొన్నాళ్ళకే అదే ప్రెస్సు ఒక పిల్లోడి రెండు వేళ్ళు తీసుకొంది. నా మాట నిజమైందని నాకేమీ తృప్తి కలగలేదు. వాడు నష్టపరిహారం కోసం తిరిగినప్పుడు, అగ్గిపుల్ల సంగతి పైవాళ్ళకు ముందే తెలుసునని చూపేదానికి ఒక్క ముక్క రాత దొరకలేదు. నోటితో చెప్పిన నా మాట నా ఉద్యోగాన్నీ నిలబెట్టలేదు, వానికీ అక్కరకు రాలేదు. మిషను ఆపినందుకు నాకు ఈ రోజుకీ చింత లేదు. ఆపడానికి ముందు ఒక పావుగంట కూర్చొని రాయాల్సి ఉండిందని మాత్రం, ఆ కాసులపేరు వెల ఇచ్చి నేర్చుకున్నాను.

2017 నవంబరు ఆఖర్లో మన కృష్ణగిరి డ్యామ్ గేటు విరిగినప్పుడు చూడ్డానికి పోయినాము, నీకు గుర్తుండే ఉంటుంది. అప్పటి ముఖ్యమంత్రి కామరాజ్ 1957లో ప్రారంభించిన డ్యామ్, సరిగ్గా అరవై ఏండ్లు. ఎనిమిది గేట్లలో మొదటిది పోయింది. చేలకు పోవాల్సిన నీళ్ళు ఏట్లోకి పోతా ఉంటే గట్టు మీద జనం. "ఇట్లా అవుతుందని నాకు ముందే తెలుసు" అని ఎంతమంది అన్నారో! తెలిస్తే ఎవరితో చెప్పినావని అడిగితే పలికినోడు లేడు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్‌లో పందొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. జలాశయంలోంచి అరవై టీఎంసీల దాకా నీళ్ళు వదిలేస్తే తప్ప గేటు పెట్టలేమన్నారు. అప్పుడు వచ్చినాడు కన్నయ్య నాయుడు, మన తెలుగాయన, డెబ్బై దాటిన గేట్ల నిపుణుడు. పారే నీళ్ళలోనే ముక్కలు ముక్కలుగా ఇనుప పలకలు దించుదామన్నాడు. తొలి ప్రయత్నం కుదరలేదు. అయినా ఆయన వెనక్కి పోలేదు, వారం తిరిగేలోగా నీళ్ళు నిలిపినారు. ఆయన ధైర్యాన్ని అందరూ పొగిడినారు. నాకు ఇంకొకటి నచ్చింది. ఏమి చేయబోతాడో ముందే చెప్పినాడు, కుదరకపోతే ఆ మాట తన మీదికే వచ్చేటట్లు నిలబడి చెప్పినాడు. ఇంజనీర్లను, ఫ్యాక్టరీల వాళ్ళను, కూలీలను కలుపుకొని చేసినాడు. ఒంటరిగా ఫ్యూజు పీకడానికీ దీనికీ ఎంత దూరమో చూడు.

విశాఖ సంగతి కూడా నీకు తెలియాల. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాసు ఊరి మీద పడి పన్నెండు మంది చనిపోయినారు. సైరను మోగించే ఏర్పాటు ఫ్యాక్టరీలో ఉండి కూడా మోగలేదని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. కేక పెట్టే మనిషి లేని మంచె ఎంత ఎత్తుంటే ఏమి?

ఇప్పటి కాలం అంటావా, నాకు అర్థం కాదు. ఏమి జరిగినా ముందు ఫోను తీస్తారు, గ్రూపులో పెడతారు. రెండొందల మంది చూసి బొటనవేలు బొమ్మ పెడతారు. అందరికీ చేరిన మాట ఎవరి నెత్తి మీదా పడదు. కంపెనీలు అంతకన్నా మేలా? గోడకు ఇంగ్లీషులో, తమిళంలో, హిందీలో 'భద్రతే ముఖ్యం' అని రాస్తారు (తెలుగు పిల్లోళ్ళు ఇంతమంది ఉన్నా తెలుగు మాత్రం రాయరు). ఆ గోడ కిందనే, నోరు తెరిస్తే రేపటినుంచి రావద్దంటారేమోనని బెదిరే పిల్లోళ్ళను నిలబెడతారు. మన హొసూరు టీవీఎస్ మోటార్ 2002లో డెమింగ్ బహుమతి తెచ్చుకున్నప్పుడు మేమంతా గొప్పగా చెప్పుకున్నాము. 1951 నుంచి జపాన్ వాళ్ళు నాణ్యతకు ఇస్తా ఉండే బహుమతి అది. ఆ డెమింగ్ అనే అమెరికా ఆయన మేనేజర్లకు చెప్పిన పద్నాలుగు సూత్రాల్లో ఒకటి, పని చోట భయం లేకుండా చేయమని. ఆయన కార్మికుణ్ణి ధైర్యంగా ఉండమని చెప్పి ఊరుకోలేదు. భయం తీసేది పైవాని పని అన్నాడు. సరే, నీ పైవాడు ఆ పని చేయలేదనుకో, అంతవరకు కండ్లు మూసుకుంటావా?

ఇంక చాలు. చేయాల్సింది చెప్తాను, విను.

ఈ రాత్రే ఒక నోటుబుక్కు తీసుకో. తేదీ, షిఫ్టు, మిషను నంబరు, నీ కండ్లతో చూసింది రాయి. విన్నది రాయొద్దు, ఎవరిని తిట్టాలనుందో అది రాయొద్దు. కింద రెండు వరుసలు: దీనికి ఏమి చేస్తే బాగుంటుందని నీకు తోస్తుందో. తమిళంలోనే రాయి, వాళ్ళు చదవాల కదా. నీ చేతిలో ఉండే పని అయితే చేసి, చేసినానని రాయి. నీకు నేర్పని మిషనుకు చేయి పెట్టొద్దు.

షిఫ్టు ఇన్‌ఛార్జిని పక్కకు పిలిచి మర్యాదగా చెప్పు, పదిమందిలో వద్దు. నీతోపాటు చూసినోడు ఉంటే వాణ్ణీ తీసుకొని పో. చెప్పిన వెంటనే అదే మాట ఆయనకు, సేఫ్టీ ఆఫీసరుకు, మీ కాంట్రాక్టరుకు రాతలో పంపించు. దాని కాపీ ఒకటి మీ ఇంట్లో ఉండాల. మూడో రోజుకు జవాబు రాకపోతే ఆ పైవానికి పో. భోపాల్ గ్యాసు ప్రమాదం తర్వాత 1987లో చట్టం మార్చి, ప్రమాదకరమైన పరిశ్రమల్లో ప్రాణానికి ముప్పు కనిపిస్తే మేనేజరుతోను, ఇన్‌స్పెక్టరుతోను చెప్పే హక్కు కార్మికునికి ఇచ్చినారు. 2020లో చేసిన భద్రత కోడు, ప్రమాదం కంటబడితే చెప్పడం కార్మికుని విధి అని కూడా రాసింది. కాంట్రాక్టోడివైనా ఆ విధి తప్పదు.

ఇప్పుడే ఒకరి ప్రాణం పోయేటట్లుంటే ఇవన్నీ పక్కన పెట్టు. ఎర్ర బటన్ నొక్కు, తర్వాత రాయి.

ఒకవేళ నిన్ను తొలిచేది నీ చేతిమీదుగా జరిగిందే అయితే, ఇంకొకరు కనిపెట్టేలోగా నువ్వే పోయి చెప్పు. రేపు చెప్తే తప్పు ఒకటే. నెల పోయినాక చెప్తే దాచింది కూడా లెక్కకు వస్తుంది.

కోపంలో రాజీనామా ఇవ్వొద్దు. జీతం చీటీలు, పీఎఫ్ నంబరు ఇంట్లో పెట్టుకో. కొత్త ఫోను కొనే ఆలోచన ఉంటే మానుకొని మూడు నెలల ఖర్చు పక్కన పెట్టు. తక్కువైతే నన్ను అడుగు, మీ అమ్మతో చెప్పొద్దు.

ఆదివారం పది గంటలకు హొసూరు బస్టాండులో దిగుతాను. రాసింది తీసుకొని రా. మాట పదునెక్కువైన చోట తగ్గిస్తాను గానీ, చెప్పొద్దని మాత్రం అనను.

మీ మామ