మొదట ఏరుకొనబడినవాడు

ప్రియ చదువరీ, మనుష్యుని విలువను పదునెనిమిదవ యేట నిర్ణయింపవచ్చునా?

ఉత్తర అమెరికాలో మంచుగడ్డమీద ఆడు హాకీ ఆట కలదు. అక్కడ నేషనల్ హాకీ లీగు జట్లవారు ఏటేటా కూడి, పడుచు ఆటగాండ్రను వరుసగా ఏరుకొందురు. 2000 సంవత్సరమున అందరికంటె ముందు ఏరుకొనబడినవాడు రిక్ డిపియెట్రో అను గోల్‌కీపరు. స్వీడను దేశస్థుడగు హెన్రిక్ లుండ్‌క్విస్ట్ స్థానము 205వది. పిమ్మట జరిగినదేమి? లుండ్‌క్విస్ట్ లీగు ఆటలు 887 ఆడి 459 గెలిచెను. 2012లో శ్రేష్ఠుడగు గోల్‌కీపరుకిచ్చు వెజీనా బహుమానము పొందెను. డిపియెట్రో ఆట 318తో ముగిసెను.

అయినను తొందరపడి తీర్పు చెప్పకుము. 2003లో మొదట ఏరుకొనబడిన మార్క్ ఆండ్రే ఫ్లూరీ తన జట్టుతో మూడు మారులు స్టాన్లీ కప్పు నందెను. ఎవరును ఏరుకొనని సెర్గీ బొబ్రోవ్‌స్కీ రెండు మారులు వెజీనా పొందెను. గోల్‌కీపరు నిదానముగా పండును. ఓర్పును, నిలుకడయు కుదురుటకు ఏండ్లు పట్టును. కనుక ఆ వరుస అబద్ధము కాదు, అంచనా మాత్రమే.

డిపియెట్రోను అనేకులు పరిహసించిరి. కాని అతనిని మాటిమాటికి గాయములు కృంగదీసెను. గాయపడుట నేరమా? మొదటి స్థానమును అతనికిచ్చినవారు ఇతరులు. వారి అంచనా తప్పినందుకు అతనిని నిందించుట న్యాయమా?

చదువరీ, నీవును నీవారిని మనస్సులో వరుసగా నిలిపియుందువు. ముందున్నవానిపై మోయలేని ఆశ మోపకుము, వెనుకనున్నవానిని మరువకుము. అంచనా తప్పిననాడు, తప్పు నాదియే అని ఒప్పుకొనుటకు సిగ్గుపడకుము.