మీటరెక్కని గంటలు

నగరాలకు మంచినీళ్ళిచ్చే పథకం సఫలమైందని ఎప్పుడంటాం? ఎన్ని కిలోమీటర్ల పైపులేశారు, ఎన్ని కనెక్షన్లిచ్చారు, ఎంత వసూలైంది - నివేదికల్లో ఉండే లెక్కలివే. నల్లా ఎప్పుడొస్తుందో తెలీక నిద్ర మానుకుని కూర్చునే ఆడవాళ్ళ గంటలు ఏ మీటరూ చూపించదు.

హైదరాబాదునే తీసుకుందాం. వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కృష్ణా, గోదావరి నీళ్ళు తెచ్చుకుంటున్న నగరమిది. 2021 జనవరిలో ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితమన్నారు. పేదింటికి బిల్లు తగ్గడం చిన్న సంగతి కాదు. కానీ రోజు విడిచి రోజు, కాసేపు మాత్రమే వచ్చే నీళ్ళు నిజంగా ఉచితమేనా? పట్టడం, మోయడం, కాచడం, దాచడం - వ్యవస్థ చేయాల్సిన పనంతా ఇంట్లో ఆడమనిషి చేస్తోంది. పైగా సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, పగుళ్ళలోంచి మురుగు లోపలికి చేరుతుంది. ఆ నీళ్ళకి పిల్లలు జబ్బు పడితే జాగారమూ ఆమెదే.

ఇరవై నాలుగ్గంటల సరఫరా పేద దేశాలకు సాధ్యం కాదంటారు. యుద్ధాలతో చితికిపోయిన కంబోడియా రాజధాని నాంపెన్ సాధించింది. 1993లో అక్కడ 72 శాతం నీరు లీకులకీ, దొంగ కనెక్షన్లకీ పోయేది. అందరికీ మీటర్లు పెట్టారు. బిల్లు ఎగ్గొట్టే పెద్దవాళ్ళనీ వదల్లేదు. పేదలకు కనెక్షన్ ఖర్చులో రాయితీ ఇచ్చారు. 2010 నాటికి ఆ నష్టం సుమారు 6 శాతానికి దిగింది. కావలసింది కొత్త నది కాదు, ఉన్న నీటికి జవాబుదారీతనం.

మన దేశంలో ఆ దారి పట్టిన నగరం పూరీ. 2021 జూలై నుంచి అక్కడ కుళాయి నీళ్ళు ఏ వేళైనా నేరుగా తాగొచ్చు. ఒడిశా పట్టణాల్లో మీటర్లు చూసి, బిల్లులు వసూలు చేసి, నీటి నాణ్యత పరీక్షించేది స్వయం సహాయక సంఘాల స్త్రీలు, 'జలసాథీ'లు. ఇంటింటికీ తిరిగే ఆ మనిషి వల్ల ఫిర్యాదు చెప్పుకోవడానికి ఒక ముఖం దొరికింది. సంతోషమే. అయితే వాళ్ళకి దక్కేది జీతం కాదు, వసూళ్ళలో కమీషన్. ఇంజనీరుకి ఉద్యోగమైన పని ఆమెకెందుకు సేవ అయింది?

అందుకే సాఫల్యాన్ని రెండు ప్రశ్నలతో కొలవాలంటాను. ఈ పథకం వల్ల ఏ స్త్రీకి ఎన్ని గంటలు తిరిగొచ్చాయి? దాన్ని నడుపుతున్న స్త్రీకి జీతమూ, నిర్ణయాల్లో మాటా ఉన్నాయా? రెండింటికీ జవాబు చెప్పలేని పథకం సగమే గెలిచినట్టు.