పుర్రెను చూసే చూపు

తెల్లాపూర్‌లో ఇప్పుడు ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే. మన పిల్లలు కొందరు ఆ పక్క పనులకు, ఉద్యోగాలకు వెళ్తున్నారు. అక్కడికి దగ్గర్లోనే, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో, చుక్కల దుప్పులు ఇంకా బతుకుతున్నాయి. దాన్ని ఆనుకున్న కంచ గచ్చిబౌలిలో 2025 మార్చి చివర చెట్లు కొట్టేస్తుంటే ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది. అలాంటి చోట ఒక దుప్పి పుర్రె కంటపడితే దాన్ని మనం ఎలా చూడాలి?

ముందు చట్టం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువు ఎముక, కొమ్ము ప్రభుత్వ సొత్తు. రాలిపడిన కొమ్మునైనా ఇంట్లో పెట్టుకోకూడదు. కనబడితే అటవీశాఖకు చెప్పాలి. చూడవచ్చు, బొమ్మ గీసుకోవచ్చు. ఎముకను చదవడానికి దాన్ని సొంతం చేసుకోనక్కర్లేదు.

బడిలో చేసి చూపడానికి సంతలో దొరికే మేకతల చాలు. మాంసం తీసేసి నీళ్ల కుండలో వేసి, ఇళ్లకు దూరంగా మూతపెట్టి ఉంచాలి. ఎండాకాలమైతే కొన్ని వారాల్లో మిగిలింది కుళ్లి ఊడిపోతుంది. ఆ నీళ్లు పారబోసేటప్పుడు చేతికి తొడుగు ఉండాలి, ఊడిన పళ్లు పోకుండా జల్లెడ పట్టాలి. తెర్ల కాచితే ముక్కులోని పల్చటి ఎముకలు విరుగుతాయి, కొవ్వు ఎముకలోకి ఇంకుతుంది. బ్లీచింగ్ పౌడర్ వేస్తే ఎముక గుల్లబారుతుంది. తొందరపడేవాడికి పుర్రె ఏమీ చెప్పదు.

శుభ్రమైన పుర్రెలో పిల్లలకు మొదట కనబడేది లోటే. పైదవడ ముందు పళ్లు లేవేమిటి అంటారు. మేకకైనా దుప్పికైనా అక్కడ గట్టి చిగురే ఉంటుంది, కింది పళ్లు ఆకును దానికి అదిమి తెంపుతాయి. మేకకొమ్ము పైతొడుగు ఊడివస్తే లోపల ఎముక ఉంటుంది. దుప్పి కొమ్ము అంతా ఎముకే, రాలి మళ్లీ మొలుస్తుంది. దుప్పి కంటి ముందు గుంట దెబ్బ కాదు, వాసన వదిలే గ్రంథి కూర్చునే చోటు. దుప్పికి పైదవడ కోరపళ్లు సాధారణంగా ఉండవు, ఎప్పుడో ఒకదానికి చిన్నవి కనబడతాయి. కొమ్ము వంకర తిరిగితే, అది పెరిగేటప్పుడు తగిలిన గాయం గుర్తు కావచ్చు. గాయపడినా ఆ జంతువు ఇంకా బతికింది.

ఒక్క పుర్రెనే చూసినవాడు తేడాను వింత అంటాడు. వందల పుర్రెలు చూసినవాడు తేడాకు కారణం వెతుకుతాడు. ఈ రెండు చూపుల్లో ఏది న్యాయం అన్నదే మన ప్రశ్న.

ఇది జంతువులతో ఆగే ప్రశ్న కాదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్టన్ దక్షిణాది కులాల, తెగల మనుషుల తలల పొడవు, ముక్కుల వెడల్పు కొలిచాడు. 1909లో ఏడు సంపుటాలు వేశాడు. కోయలూ చెంచులూ అందులో ఉన్నారు. కొలవడంలో తప్పు లేదు, వైద్యుడూ కొలుస్తాడు. కానీ ముక్కు వెడల్పును బట్టి మనిషి స్థాయి చెప్పవచ్చని ఆ రోజుల్లో కొందరు పండితులు నమ్మారు. కొలత నిజమైనా తీర్పు అబద్ధం.

నగరంలో మన పిల్లల మాటను, ముఖాన్ని, ఇంటిపేరును ఇంకా అలా చూసేవాళ్లున్నారు. దానికి కోపం రావాలి. అయితే చదువుకున్న మనం కూడా ఊరికి వెళ్లి, పెద్దల మొక్కును, మందును వెనకబాటు అని ఒక్కమాటతో కొట్టేస్తున్నామా అన్నదీ చూసుకోవాలి. వాళ్లు చెప్పేదంతా నిజం కాకపోవచ్చు. అది ఎందుకు పుట్టిందో అడగకుండా తేల్చేస్తే మనదీ థర్స్టన్ కాలం నాటి కొలతే.

అందుకని మేకపుర్రెను బల్లమీద పెట్టినప్పుడు పిల్లలను ఇదేం వింత అని అడగవద్దు. ఇది ఏ పనికి వచ్చేది, దీనికి ఏం జరిగింది అని అడుగుదాం. ఈ రెండు ప్రశ్నలు అలవాటైన పిల్ల రేపు మనిషిని చూసినప్పుడూ అవే అడుగుతుంది.