పేదల పేరట తెచ్చిన అప్పు

ధ్యాన భాగములు: యోహాను 12:1–8, 2 రాజులు 4:1–7



గడచిన వేసవిలో ఒక ఆదివారమున మేము ఆదికాండము రెండవ అధ్యాయము తీసికొని ప్రసంగించితిమి. దేవుడు తోటను మనుష్యునికి అప్పగించినది దానివలన బ్రదుకుటకు మాత్రమే కాదు, దానిని కాపాడుటకు కూడనని చెప్పితిమి. బొగ్గును మండించుటవలన భూమి వేడెక్కుచున్నదనియు, ఎండలు ముదురుచున్నవనియు, ఇది తోటను పాడుచేయుట యనియు గట్టిగా పలికితిమి.

ఆరాధన ముగిసిన పిమ్మట మన సంఘములోని ఒక వృద్ధురాలు, విధవరాలు, గుమ్మమునొద్ద నిలిచి, "అయ్యగారూ, బొగ్గు కరెంటు పాపమంటిరి. మరి నా కట్టెల పొయ్యి సంగతేమిటి? గ్యాసు బండ ఉంది గాని, నింపించుకొనేందుకు డబ్బులేవీ?" అని అడిగెను. ఆమె కన్నులు పొగకు ఎర్రబారి యుండెను. మేము ఏదో నాలుగు మాటలు చెప్పి పంపివేసితిమి. ఇంటికి వచ్చి కూర్చున్న తరువాత మనస్సాక్షి మమ్మును గద్దించెను. మేము బొగ్గును ఖండించుచున్నంతసేపు మా తలపైన ఫ్యాను తిరుగుచునే యుండెను గదా! ఆ ఫ్యానును త్రిప్పినది చాలవరకు బొగ్గు కరెంటే.

కాబట్టి ఈ నెల మనము ఒక ప్రశ్నను ధ్యానింతము. పేదలకు వెలుగు నిచ్చెదమని చెప్పి, ప్రజల సొమ్మును బొగ్గు కొరకు అప్పుగా ఇచ్చుట న్యాయమా? భూమిని కాపాడెదమని చెప్పి ఆ అప్పును నిరాకరించుట న్యాయమా?

ఈ ప్రశ్న దక్షిణాఫ్రికా దేశములో నిజముగా తీర్పునకు వచ్చెను. ఆ దేశమున తెల్లవారి జాతివివక్ష ప్రభుత్వము నల్లవారి పేటలను చాలవరకు చీకటిలోనే ఉంచెను. 1994లో అందరికి ఓటుహక్కు వచ్చిన తరువాత క్రొత్త ప్రభుత్వము ఇంటింటికి తీగెలు వేయ పూనుకొనెను. 1996 జనాభా లెక్కలలో నూటికి 58 ఇండ్లు విద్యుద్దీపము గలవి; 2022 లెక్కలలో నూటికి 94కు పైగా ఉన్నవి. 2003 నుండి పేద కుటుంబములకు నెలకు 50 యూనిట్లు ఉచితముగా ఇచ్చు పద్ధతియు పెట్టిరి. ఇది దేవుని దృష్టికి మంచి కార్యమని మేము సందేహము లేక చెప్పుదుము.

అయితే తీగెలు పెరిగినంతగా విద్యుత్తు పెరుగలేదు. 2008లో దేశమంతట గంటల తరబడి కోతలు వచ్చెను. ఈ కొరత తీర్చుటకు లిమ్పోపో రాష్ట్రములోని లెఫలాలే యొద్ద 4,800 మెగావాట్ల గొప్ప బొగ్గు విద్యుత్కేంద్రమును అప్పటికే కట్టుచుండిరి. దానికి మెడుపి అని పేరు. సెపెడి భాషలో ఆ మాటకు ఎండిన నేలను తడుపు వాన అని అర్థము. ఎంత చక్కని పేరు!

దీని నిమిత్తము ప్రపంచ బ్యాంకు 2010 ఏప్రిల్ 8న ఎస్కామ్ అను ప్రభుత్వ విద్యుత్ సంస్థకు 375 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసెను. అందులో 305 కోట్లు మెడుపికే. గాలి, సూర్యరశ్మి పథకములకు కేటాయించినది 26 కోట్లు. అమెరికా, బ్రిటన్, నెదర్లాండ్స్, ఇటలీ, నార్వే దేశముల ప్రతినిధులు ఓటు వేయక ఊరకుండిరి. పేదరికమును తొలగించుటకు ఇప్పట్లో బొగ్గు తప్ప మార్గము లేదని ఆ దేశ ఆర్థిక మంత్రి ప్రవీణ్ గోర్ధన్ వాదించెను.

ఇక ఫలితమును చూడుడి. ఆ సంవత్సరమే విద్యుత్ ధరను మూడేండ్లపాటు ఏటేట సుమారు 25 శాతము పెంచుటకు అనుమతి ఇచ్చిరి. పేదల ఇండ్లకంటె గనులు, కర్మాగారములు ఎంతో ఎక్కువ విద్యుత్తును వాడుచుండెను. అల్యూమినియము కరిగించు పెద్ద కంపెనీలకైతే పాత ఒప్పందములచొప్పున చౌకధర ఉండెను. మెడుపి మొదటి యూనిట్ 2015లో గాని పనిచేయలేదు. చివరిది 2021 జూలైలో పూర్తియాయెను. మరుసటి నెలలోనే ఒక యూనిట్ పేలుడువలన పాడైపోయెను. 2023లో ఆ దేశము ఎన్నడును ఎరుగనంత ఘోరమైన కోతలను చూచెను. వాన అని పేరు పెట్టిరి గాని, ఎండిన నేలకు అది ఆలస్యముగా వచ్చెను, తక్కువగా వచ్చెను.

ఇప్పుడు బేతనియలోని ఇంటికి వెళ్లుదము. మరియ విలువగల అత్తరును ప్రభువు పాదములకు పూసినప్పుడు, దానిని అమ్మి బీదలకు ఇయ్యరాదా అని యూదా అడిగెను. మాట మంచిదే. కాని బీదలమీది శ్రద్ధచేత అతడు ఆ మాట అనలేదని సువార్తికుడు చెప్పుచున్నాడు. సంచి అతనియొద్ద ఉండెను. ప్రియులారా, పేదవాని పేరు ఎత్తినంత మాత్రమున మాట నీతియుక్తము కాదు. సంచి ఎవరియొద్ద ఉన్నదో చూడవలెను.

ఈ గద్దింపు ఒక పక్షమునకే కాదు. గనులకును కర్మాగారములకును విద్యుత్తు కావలసి పేదల పేరట అప్పు తెచ్చువారికి ఇది తగులును. తమ దేశములు తరతరములుగా బొగ్గు మండించి ధనము కూర్చుకొనగా, బీద దేశము వంతు వచ్చినప్పుడు మాత్రము భూమిని గూర్చి దిగులుపడువారికిని తగులును. ఫ్యాను క్రింద నిలిచి ప్రసంగించిన మాకును తగులును. మన తెలుగు నేలమీద రామగుండము విద్యుత్కేంద్రము కూడ ప్రపంచ బ్యాంకు అప్పు సహాయముతో కట్టబడినదే. 1983లో దాని మొదటి యూనిట్ పనిచేయ మొదలుపెట్టెను. ఆ కరెంటుతో మన పిల్లలు చదువుకొనిరి, మన పొలములలో మోటార్లు తిరిగెను. దానిని అనుభవించిన మనము ఇతరుల దీపమును ఆర్పుడని చెప్పుటకు ముందు సిగ్గుపడవలెను.

అట్లయిన తీర్పు చేయుట ఎట్లు? ఎలీషా కాలపు విధవరాలి కథ మనకు దారి చూపుచున్నది. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా తీసికొనిపోవ వచ్చెను. ప్రవక్త మొదట ఆమె యింట ఏమున్నదో అడిగెను. తరువాత నూనె ఆమె పాత్రలలోనికే వచ్చెను. చివరకు అప్పు తీరెను, కుమారులు విడిపింపబడిరి, మిగిలినదానితో ఇల్లు గడిచెను.

ఈ కథనుబట్టి మూడు సంగతులు విచారింతము. మొదటిది, ఇంట ఏమున్నది? 2010లో సూర్యరశ్మి కరెంటు ఖరీదైనది. గోర్ధన్ మాటలో కొంత బలముండెను. కాని 2017 నాటికి రాజస్థాన్‌లోని భడ్లా యొద్ద యూనిట్ 2 రూపాయల 44 పైసలకే ఇచ్చెదమని కంపెనీలు వేలములో పాడెను. ఆ సంవత్సరమే మన కర్నూలు ప్రాంతములో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్కేంద్రము సిద్ధమాయెను. రాత్రివేళ కొరకు కరెంటును దాచుట ఇంకను ఖర్చుతో కూడిన పనియే. అయినను బొగ్గు తప్ప దారి లేదను మాట నాటి బలమును పోగొట్టుకొన్నది. రెండవది, ఎవరి పాత్ర నిండుచున్నది? కేంద్రము ఎంత పెద్దదని కాదు, పేదరాలి గుడిసెలో దీపము నిలిచినదా, ఆమె పొయ్యి మారినదా అని అడుగవలెను. మూడవది, కుమారులు విడిపింపబడుచున్నారా? అప్పు డాలర్లలో మాత్రమే లేదు. పొగవలన కలుగు వేడిని, వరదలను, కరవులను మన పిల్లలు తీర్చవలసియున్నది. తండ్రి దీపము కొరకు కుమారుని తాకట్టు పెట్టరాదు.

2021లో గ్లాస్గో పట్టణమున ముప్పదికి పైగా దేశములును సంస్థలును, పొగను అదుపుచేయని బొగ్గు, చమురు, గ్యాసు పనులకు విదేశములలో ప్రభుత్వ ధనము ఇచ్చుట 2022 చివరికి మానెదమని మాట ఇచ్చెను. మంచిదే. కాని మానివేసిన సొమ్ము పేదవాని వెలుగు కొరకు మరల రాకపోయినచో, అది నీతి కాదు, తలుపు మూయుట మాత్రమే.

మేము ఆ అవ్వ ఇంటికి మరల వెళ్లితిమి. "అమ్మా, నీ పొయ్యి పాపము కాదు. నిన్ను ఆ పొగలో విడిచిపెట్టి పెద్ద మాటలు పలుకుట పాపము. అది మేము చేసితిమి, క్షమించుము" అంటిమి. ఆమె నవ్వి, "టీ తాగి పోండి అయ్యగారూ" అని కట్టెలు ఎగదోసెను. ఆ పొగలోనే కూర్చుండి త్రాగితిమి. మా కన్నులనుండియు నీళ్లు కారెను.

సంఘ పెద్దలతో ఆలోచించి, గుప్పెడు బియ్యపు కానుకలో ఒక వంతు గ్యాసు బండ నింపించుకొనలేని ఇండ్లకు ఇయ్య నిర్ణయించితిమి. ఇది చిన్న పని. లోకపు అప్పులను సరిచేయలేదు. కాని పేదల పేరు పలుకుటకు ముందు వారి గుమ్మము తొక్కుట మనము నేర్చుకొనవలెను. అట్టి కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.