వడ్డించే చేయి

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. గమనించారా, ఈ సామెత చెప్పేవాళ్ళంతా తినేవాళ్ళే! వడ్డించే మనిషి సంగతేమిటని అడిగిన సామెత మాత్రం నాకింతవరకూ తగల్లేదు.

బంతి అంటే గుర్తొచ్చింది. వాలీబాల్లో కూడా వడ్డించే మనిషి ఒకరుంటారు. సెట్టర్ అంటారు. వచ్చిన బంతిని మూడు తాకిళ్ళలో నెట్టు దాటించాలి. పట్టుకోకూడదు. ఒకే మనిషి వరసగా రెండుసార్లు తాకకూడదు. మొదటి చెయ్యి బంతిని కాపాడుతుంది, మూడోది బాదుతుంది. మధ్యలో బంతిని అమర్చిపెట్టేది సెట్టర్. చప్పట్లు మాత్రం బాదిన చేతికి!

జపాన్ సెట్టర్ యోషియె తకెషిత ఎత్తు 159 సెంటీమీటర్లు. ఆడవాళ్ళ ఆటలో నెట్టు ఎత్తు 224. 2000లో జపాన్ జట్టు సిడ్నీ ఒలింపిక్స్‌కి అర్హత సంపాదించలేకపోయింది. జట్టంతా కలిసి ఓడితే, నింద వచ్చి ఆవిడ ఎత్తుమీద పడింది. ఆట దిద్దుకోవచ్చుగాని ఎత్తెలా దిద్దుకుంటుంది? మార్చుకోలేనిదాన్ని చూపించి వంక పెట్టడం మనకీ కొత్త కాదు లెండి, పెళ్ళిచూపుల్లో రంగు చూసే జాతి మనది.

2002లో ఆవిడ ఆట మానేసింది. ఆ ఏడాదే జె.టి. జట్టులో చేరి మళ్ళీ మొదలుపెట్టింది. 2006 ప్రపంచ పోటీల్లో జపాన్‌కి దక్కింది ఆరోస్థానమే. కాని అత్యుత్తమ క్రీడాకారిణి బహుమతి ఆవిడకే ఇచ్చారు. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో, ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత, జపాన్ ఆడవాళ్ళకి కాంస్య పతకం వచ్చింది. ఆవిడ ఎడంచేతి చూపుడువేలు విరిగి ఉందన్న సంగతి ఆ తర్వాతగాని బయటపడలేదు.

"ఆహా, ఎంత త్యాగం!" అనబోతున్నారు కదూ? ఆగండి. ఆ మాటంటేనే నాకు భయం. నొప్పి దాచుకునే ఆడదాన్ని మెచ్చుకోవడం మనకి మహా సరదా. జ్వరంతో పదిమందికి వండిపెట్టిన కోడలు ఉత్తమురాలు. ఇదీ అదీ ఒకటేనా?

కాదంటాను నేను. సెట్టర్ అడిగినవాళ్ళకల్లా అందించే మనిషి కాదు. బంతి ఎవరికివ్వాలి, ఎంత ఎత్తున, ఎప్పుడు అన్నది రెప్పపాటులో ఆవిడే తేల్చుకోవాలి. ఎంత పొడగరి అయినా ఆవిడ ఇచ్చినచోటికి వచ్చి ఎగరాల్సిందే. ఆ ఇవ్వడంలో అధికారం ఉంది. సామెతకి కూడా ఆ మాట తెలుసు, లేకపోతే వడ్డించేవాడు మనవాడు కావాలని ఎందుకు కోరుకుంటాం? మరి మన ఇళ్ళల్లో? గరిటె మన చేతిలోనే ఉంటుంది, లెక్క మటుకు ఇంకెవరిదో. నిర్ణయం లేని చాకిరీకి త్యాగమని పేరుపెట్టి, పండక్కి ఓ చీర పెట్టి ఊరుకుంటారు.

అయితే విరిగిన వేలి దగ్గర నా వాదన కాస్త కుంటుతుంది. దేశమంతా ఎదురుచూస్తుంటే "నేనాడను" అనగలిగే వీలు ఎవరికైనా ఎంతవరకుంటుంది? అందుకే నాకు తోచిన గీటురాయి ఒక్కటే. వద్దనగలిగిన మనిషి ఇచ్చిందే ఇవ్వడం. వద్దనలేని మనిషి దగ్గర తీసుకున్నది, ఎంత ముద్దుగా పిలిచినా, లాక్కోవడమే.

కనుక ఈసారి మిమ్మల్నెవరైనా త్యాగమయి అంటే, మురిసిపోయేముందు ఒక్క క్షణం ఆలోచించండి. "నేను వద్దని ఉంటే ఏమయ్యేది?" అని. జవాబు నచ్చకపోతే గరిటె కాసేపు కిందపెట్టండి. ఒక్కపూట పులుసు మాడితే కొంపేం మునగదు.