చిరుగుల లెక్క

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఒకదాన్నొకటి ఆనుకొని కట్టేసి ఉంటాయి. ఇంజన్లు విప్పి బాగు చేసుకుంటారు, చెక్కకు రంగులు వేస్తారు, వలలు గట్టున పరిచి కుట్టుకుంటారు. తెల్లారకముందే వేలంపాటలతో, ఐసు బళ్లతో కిక్కిరిసిపోయే చోటు ఖాళీగా ఉంటుంది కదా, పొద్దు వాలేసరికి అక్కడ గుంటలు టెన్నిస్ బంతితో క్రికెట్టు మొదలెడతారు.

అలాంటి ఒక సాయంత్రం ఒక సెలెక్టరు అక్కడికి వచ్చాడు. పదహారేళ్ల లోపు పిల్లల జట్టులో పాయింట్ దగ్గర నిలబడేందుకు చురుకైన కుర్రాడొకడు కావాలి. హార్బర్‌లో ఇద్దరున్నారని ఎవరో చెప్పారు. వల కుడుతున్న ఒక ముసలాయన పక్కన, బోర్లించిన చేపల ట్రే మీద కూర్చొని నోటుబుక్కు తెరిచాడు. పేజీ మధ్యలో నిలువుగా గీత గీశాడు. ఒకవైపు ‘ఆపినవి’, రెండోవైపు ‘వదిలినవి’.

అక్కడి ఆటకు అక్కడి నియమాలే. వికెట్లకు బదులు రెండు ట్రేలు. పాయింట్ వెనకంతా నీళ్లే. బంతి నీళ్లలో పడితే బ్యాటింగ్ వాళ్లకు నాలుగు పరుగులు, పైగా కొత్త బంతికి అందరూ చందా వేసుకోవాలి. అందుకని నీటివైపు నిలబడేవాడు బంతిని ఎలాగైనా ఆపాల్సిందే. కింద సిమెంటు గచ్చు, దాని మీద లంగరు తాళ్లు, నైలాను ముక్కలు, పొలుసులతో జారే తడి. బంతి ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

నీటివైపు నిలబడ్డవాడు బక్కపలచటి గుంటడు, కాళ్లకు చెప్పుల్లేవు. కవర్‌లో ఉన్న రెండోవాడు తెల్ల బూట్లు వేసుకున్నాడు. నిలబడే తీరులోనే శిక్షణ కనిపిస్తోంది. గంటన్నర ఆట సాగింది. అయ్యేసరికి బూట్లవాడి పేరు కింద ‘వదిలినవి’ గడి ఖాళీ. నీటివైపు గుంటడి గడిలో ఏడు గీతలు.

సెలెక్టరు నోటుబుక్కు మూయబోయాడు.

“ఏటి బాబూ, అయిపోయిందా రాయడం?” అన్నాడు ముసలాయన, సూది ఆపకుండానే.

“అయిపోయింది పెద్దాయనా. ఆ బూట్లబ్బాయి బాగున్నాడు. ఒక్కటీ వదల్లేదు. ఈ గుంటడు ఏడు వదిలాడు. చురుకే, కానీ నమ్మలేం.”

ముసలాయన ఒళ్లో ఉన్న వలను కాస్త పైకెత్తాడు. “ఇందులో ఎన్ని చిరుగులున్నాయో లెక్కెట్టండి.”

సెలెక్టరు నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాడు. లెక్కపెట్టాడు. “తొమ్మిది.”

“ఆ పక్కన పడీసిన వలలోనో?”

“ఒక్కటే ఉంది.”

“అయితే ఆ బోటు సరంగు మంచోడు, ఈ బోటు సరంగు పనికిమాలినోడు. అంతే కదండీ మీ లెక్క?” ముసలాయన సూదిని వలకన్నులోంచి లాగాడు. “నా సిన్నప్పుడు ఒక బోటు ఓనరు అచ్చం ఇలాగే లెక్కెట్టినాడు. వలలు చింపుకొస్తున్నాడని ఒక సరంగుని మానిపించేసినాడు. వల నలగకుండా తెచ్చేవోణ్ణి ఎట్టుకున్నాడు. ఆ ఏడాదంతా వల కొత్తగానే ఉంది. సేపే లేదు. ఎందుకంటే మంచి సేప రాళ్ల పక్కనుంటాది. కొత్త సరంగు రాళ్ల సాయకి ఎల్లేవోడే కాదు.”

సెలెక్టరు ఏమీ అనలేదు. ముసలాయన ఒక్కో చిరుగు మీదా వేలు పెట్టి చూపించాడు.

“ఇది సూడండి, దారం అరిగి అరిగి తెగింది. రాయి రాసుకుంది. ఇవి నాలుగూ అలాటివే. ఇది లోపల్నుంచి పగిలింది, పెద్ద సేప కొట్టింది. ఇదిగో, కత్తితో కోసినట్టుంది సూసారా? పంకాలో పడింది, వల లాగేటప్పుడు ఇంజను ఆపలేదు. ఇది మాత్రం సరంగు తప్పే. ఇక ఇవి రెండూ…” ఆయన మొహం చిట్లించాడు. “ఎలకలు కొట్టినవి. తెచ్చి తడిపడిగా మూల పడీసారు, ఆరబెట్టలేదు, మడత పెట్టలేదు. ఇది సముద్రం మీద తప్పు కాదు, ఇంటికాడ తప్పు. నాను ఎలక సిరుగులు సూసి తిడతాను. రాతి సిరుగులు సూసి ఏటీ అనను, కుట్టేస్తాను.”

ఎదురుగా యారాడ కొండ మీద ఎండ సన్నబడుతోంది. ఇంకో ఆట మొదలైంది. సెలెక్టరు కొత్త పేజీ తీసి, ఈసారి రెండు గీతలు గీశాడు. ఒక గడిలో అందుకొని ఆపినవి. ఇంకోదాంట్లో అందుకొని జారవిడిచినవి. మూడో దానికి పేరు తట్టక కాసేపు కలం పట్టుకొని కూర్చున్నాడు. చివరికి ‘కదలనివి’ అని రాశాడు.

చీకటి పడేదాకా చూశాడు. తెల్ల బూట్లవాడి మూడో గడి నిండింది. అతని పక్కనుంచి, నాలుగడుగుల దూరంలోంచి బంతులు పోతున్నాయి. అతను తల తిప్పి చూస్తున్నాడు, వాటిని ఎవరూ అతని ఖాతాలో వేయడం లేదు. నీటివైపు గుంటడి మూడో గడిలో ఒక్క గీతా పడలేదు. ఇందాక వదిలిన ఏడింటిని సెలెక్టరు ఒక్కొక్కటిగా గుర్తు చేసుకున్నాడు. అయిదు బంతులు ఎవరి చేతికీ అందేవి కావు. ఒళ్లు విసిరి తాకాడు, వేళ్ల చివర్ల నుంచి జారాయి. కానీ వాటిలో ఒక్కటీ నీళ్లలో పడలేదు. మిగతా రెండూ నేరుగా చేతుల్లోకి వచ్చినవి. అవి వదలడానికి సాకు లేదు.

ఆట ఆగాక గుంటణ్ణి పిలిచాడు. “తేలిక బంతులు రెండు వదిలేశావు. ఎందుకు?”

గుంటడు నేల చూపులు చూశాడు. “పరిగెట్టేవోణ్ణి సూసినాను సార్. ఇసిరీద్దామని. బంతి సేతిలోకి రాకముందే సూపు తిప్పేసినాను.”

“ఎప్పుడు తెలిసింది?”

“ఒగ్గీసినప్పుడే తెలిసింది. మళ్లీ అదే సేసినాను.”

సెలెక్టరు ముసలాయన వైపు తిరిగాడు. “నీ మనవడా?”

“కాదు బాబూ. ఈడి తాతకి నాను వల కుట్టేవోణ్ణి.”

సెలెక్టరు రెండు పేర్లూ రాసుకున్నాడు. ఒక పేరు పక్కన ‘చూపు బంతి మీద నిలపడం నేర్పాలి’ అనీ, రెండో పేరు పక్కన ‘కదలడం నేర్పగలమా?’ అనీ రాశాడు. ఇద్దర్నీ ఆదివారం పచ్చిక మైదానానికి రమ్మన్నాడు.

నీతి

తప్పులు ఎన్నని అడిగే ముందు, అవి ఎలాంటివని అడగాలి. దూరం పోయి అందుకోబోయినవాడి తప్పు కంటికి కనిపిస్తుంది. ఉన్నచోటే ఉండిపోయినవాడి తప్పు ఎవరికీ కనిపించదు. పిల్లల్ని ఎంపిక చేసేవాళ్లు మొదటిదాన్ని శిక్షించి రెండోదానికి బహుమతి ఇస్తూ ఉంటారు. ఇది ఒక్క హార్బరుకో, ఒక్క ఆటకో పరిమితమైన పొరపాటు కాదు.

అమెరికా బేస్‌బాల్‌లో పెద్ద లీగుల కింద మైనర్ లీగులుంటాయి. కుర్రాళ్లను అక్కడ ఆడించి, పదును తేలాక పైకి తీసుకుంటారు. రెండో బేసుకూ మూడో బేసుకూ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్‌ది ఇన్‌ఫీల్డులో అన్నిటికన్నా కష్టమైన చోటు. 1992లో న్యూయార్క్ యాంకీస్ జట్టు డెరెక్ జీటర్ అనే కుర్రాణ్ణి ఆ చోటు కోసం ఎంచుకుంది. 1993లో, 19 ఏళ్ల వయసులో, గ్రీన్స్‌బరో మైనర్ లీగ్ జట్టుకు ఆడుతూ అతను ఒక్క సీజనులో 56 ఎర్రర్లు చేశాడు. బేస్‌బాల్‌లో ఫీల్డరు చేసిన తప్పుకు స్కోరుపుస్తకంలో అధికారికంగా ఒక గడి ఉంది. ఆ గడిలో 56 చూసి, ఇతన్ని అక్కణ్ణుంచి తీసి బయటి మైదానంలో పెట్టాలన్నవాళ్లున్నారు. జట్టు తీయలేదు. సీజను అయ్యాక ఒక కోచ్‌ను తోడిచ్చి, బంతి అందుకోవడం దగ్గర్నుంచి మళ్లీ నేర్పించింది. మరుసటి ఏడాదికి తప్పులు సగానికి పైగా తగ్గాయి. 1994లో మైనర్ లీగుల్లో ఆ ఏటి మేటి ఆటగాడు అతనే. 1996లో పెద్ద లీగులో ఉత్తమ కొత్త ఆటగాడు. 2020లో హాల్ ఆఫ్ ఫేమ్ ఎన్నికలో 397 ఓట్లకు 396 అతనికే పడ్డాయి.

కథ ఇక్కడితో ఆపితే బాగుంటుంది, కానీ నిజం ఇంకో మలుపు తిరిగింది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ మలుపే. పెద్దవాడయ్యాక జీటర్ తప్పులు చాలా తక్కువ చేసేవాడు. ఫీల్డింగుకు ఇచ్చే గోల్డ్ గ్లవ్ బహుమతి అయిదుసార్లు గెలిచాడు. కానీ బేస్‌బాల్ గణాంకాలు రాసే బిల్ జేమ్స్ వంటివారు 1970ల నుంచి వేరే ప్రశ్న వేస్తూ వచ్చారు: ఎన్ని వదిలాడన్నది కాదు, ఆటకు ఎన్ని బంతులు అందుకొని అవుట్లుగా మార్చాడు? ఆ దారిలో తయారైన లెక్కలు జీటర్‌కు అనుకూలంగా రాలేదు. సాటి షార్ట్‌స్టాప్‌లు చేరుకునే బంతులు కొన్ని అతని పక్కనుంచి పోతున్నాయని అవి చూపించాయి. అంటే తప్పుల గడి ఒకే మనిషి విషయంలో రెండుసార్లు దారి తప్పించింది. కుర్రాడిగా ఉన్నప్పుడు అతన్ని ఉన్నదానికన్నా తక్కువ చేసి చూపింది, పెద్దయ్యాక ఎక్కువ చేసి చూపింది. మామూలు ప్రయత్నంతో అందాల్సిన బంతి వదిలితేనే ఎర్రర్ అని ఆ ఆట నియమమే చెబుతోంది. అయినా చేరుకోలేకపోయిన బంతికి గడి లేదు. దాన్ని బ్యాటరు గొప్పతనంగా రాసేస్తారు.

మన క్రికెట్టులో పరిస్థితి ఇంకా కష్టం. స్కోరుకార్డులో వదిలిన క్యాచ్‌కు గడే లేదు, ఆపిన పరుగుకూ లేదు. అది సెలెక్టరు జ్ఞాపకంలోనే ఉంటుంది. జ్ఞాపకానికి జారిన బంతి చప్పుడు గుర్తుంటుంది, ఎవరూ కదలని బంతి గుర్తుండదు. నేవల్ డాక్‌యార్డు ఉద్యోగి కొడుకు, మన విశాఖ కుర్రాడు కోన శ్రీకర్ భరత్ 2023, 2024లో భారత్‌కు వికెట్‌కీపరుగా ఏడు టెస్టులు ఆడాడు. అతని గురించి మాట్లాడేవాళ్లు 221 పరుగులనే మొదట ఎత్తుతారు. బంతి గిర్రున తిరిగే పిచ్‌ల మీద, బ్యాటరు అడ్డుగా ఉండగా, వికెట్ల వెనక కూర్చొని చేసిన పనిలో బైలు, క్యాచ్‌లు, స్టంపింగులు తప్ప మిగతాది అంకెగా మారదు. పరుగులు చూడొద్దని నేననను. రెండో పనిని చూడటానికి కూడా ఎవరైనా కూర్చోవాలంటున్నాను.

అంకెలు ఉన్నచోట కూడా చూసే మనిషి కావాలి. నితీశ్ కుమార్ రెడ్డి పదహారేళ్ల లోపు పిల్లలు ఆడే విజయ్ మర్చంట్ ట్రోఫీలో, 2017-18లో, 176కు పైగా సగటుతో 1,237 పరుగులు చేశాడు, అందులో నాగాలాండ్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో 441. ఆ తర్వాత పెద్దల క్రికెట్టులోకి వచ్చేసరికి, టెస్టుల్లో అడుగుపెట్టే నాటికి, ఫస్ట్‌క్లాస్ బ్యాటింగ్ సగటు 21 దగ్గరుంది. మొదటి అంకె చూసినవాడు ఇతనికి ఎదురులేదనేవాడు, రెండో అంకె చూసినవాడు ఇతను బ్యాటరే కాదనేవాడు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఎనిమిదో స్థానంలో దిగి 114 పరుగులు చేశాడు. కొడుకు ఆట కోసం హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదులుకున్న తండ్రి ముత్యాల రెడ్డి ఆ రోజు స్టాండ్లలోనే ఉన్నారు. అంకె ఎటు పోయినా ఆ పిల్లాడి ఆటను రోజూ చూసిన కన్ను ఆయనది.

అందరికీ అలాంటి తండ్రి ఉండడు. జాలారిపేటలో పుట్టినవాడి తండ్రి వేటకు వెళ్తే రోజుల తరబడి సముద్రం మీదే ఉంటాడు. ఆ పిల్లాడిని చూసే పని ఎంపిక చేసేవాళ్లదే అవుతుంది. వాళ్లకు నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ఫీల్డింగుకు కూడా బ్యాటింగుకు ఇచ్చినంత సేపు ఇవ్వండి. ఒకే రోజు చూసి తేల్చేయకండి. రెండోసారి ఇంకో మైదానంలో చూడండి, గచ్చు మీద పెరిగినవాడికి పచ్చిక అలవాటు కావాలి. బంతి కొట్టినప్పుడు పిల్లాడు ఎక్కడున్నాడో, ఎక్కడిదాకా వెళ్లాడో పక్కన ఒకరిని కూర్చోబెట్టి రాయించండి. వదిలినప్పుడు ఎందుకు వదిలావని వాడినే అడగండి, వాడు చెప్పింది కూడా ఆ పేజీలోనే రాయండి. కాదని పంపేసేటప్పుడు, ఏ తప్పు దిద్దుకుంటే మళ్లీ చూస్తారో చెప్పి పంపండి.